ఉక్కు స్తంభాలు – స్థానిక మంటలు

భవనంలో ఒకచోట పుట్టి, గది మొత్తాన్నీ ఆక్రమించకుండా ఆ చోటనే మండే అగ్నిని అగ్ని భద్రత ఇంజనీరింగులో స్థానిక మంట అంటారు. పార్కింగ్ అంతస్తులో తగలబడే కారు, విమానాశ్రయ హాలులో అంటుకున్న దుకాణం, గోదాములో మండే చెక్క ప్యాలెట్ల గుట్ట, కర్మాగారం నేల మీద ఒలికి అంటుకున్న డీజిల్ మడుగు ఈ కోవలోకి వస్తాయి. ఇలాంటి మంట పక్కనో మధ్యలోనో నిలబడిన ఉక్కు స్తంభం ఎంత వేడెక్కుతుంది, ఏ ఎత్తున వేడెక్కుతుంది, ఎంతసేపటికి బరువు మోయలేని స్థితికి వస్తుంది అన్నవే ఈ విషయంలో అసలు ప్రశ్నలు. దూలం వంగితే నష్టం చాలావరకు ఆ గదితో ఆగుతుంది. స్తంభం కుంగితే దాని మీద నిలిచిన అంతస్తులన్నిటికీ ప్రమాదమే. అందుకే స్తంభాన్ని విడిగా అధ్యయనం చేయాల్సి వచ్చింది. ఈ వ్యాసంలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీల్లో ఉన్నాయి.

గది మంటకూ ఒకచోటి మంటకూ తేడా

నిర్మాణ భాగాల అగ్ని నిరోధకతను ప్రపంచమంతటా ఒక ప్రామాణిక ఉష్ణోగ్రత రేఖతో కొలుస్తారు. కొలిమిలో భాగాన్ని నిలబెట్టి, ఆ రేఖ ప్రకారం వేడి పెంచుతూ పోతారు. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 834 ప్రకారం కొలిమి వేడి 30 నిమిషాలకు 842 డిగ్రీలకు, గంటకు 945కు, రెండు గంటలకు 1049కి చేరుతుంది. ఈ పద్ధతికి వందేళ్ల చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో షికాగోలోని అండర్‌రైటర్స్ లేబొరేటరీస్‌లో భవన స్తంభాలను బరువు కింద కాల్చి చూశారు. సైమన్ ఇంగ్‌బర్గ్, ఆయన సహచరులు ఆ ఫలితాలను 1921లో ప్రచురించారు. ప్రామాణిక రేఖ కూడా ఆ కాలంలోనే, 1918లో అమెరికాలో స్థిరపడింది.

ఈ రేఖ వెనుక ఒక ఊహ ఉంది. గది అంతా ఒకే వేడిలో ఉంటుందనీ, స్తంభం నాలుగు వైపులా అడుగు నుంచి తల దాకా ఒకేలా కాలుతుందనీ అనుకుంటారు. చిన్న గదిలో అది దాదాపు నిజమే. పైకప్పు కింద పేరుకున్న పొగ 500–600 డిగ్రీలకు చేరి, నేల మీదికి చదరపు మీటరుకు 20 కిలోవాట్ల సెగ దిగితే గదిలోని వస్తువులన్నీ దాదాపు ఒక్కసారిగా అంటుకుంటాయి. దీన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. పన్నెండు మీటర్ల ఎత్తున్న హాలులోనో, పక్కలు తెరిచి ఉన్న పార్కింగ్ భవనంలోనో ఆ స్థితి సులువుగా రాదు. పొగ పైకి పోయి గాలితో కలిసి చల్లబడుతుంది. మంట తన చోట తాను మండుతూనే ఉంటుంది.

దీన్నిబట్టి కొందరు ప్రామాణిక రేఖతో లెక్కించిన స్తంభం స్థానిక మంటకు తప్పక తట్టుకుంటుందని తేల్చేస్తారు. ఆ తీర్పు అన్ని వేళలా నిలవదు. ప్రామాణిక రేఖ అయిదు నిమిషాలకు 576 డిగ్రీలు, పది నిమిషాలకు 678 డిగ్రీలు మాత్రమే చూపుతుంది. నిజమైన డీజిల్ మడుగు మంట మధ్యలో ఒకటి రెండు నిమిషాల్లోనే 800 నుంచి 1000 డిగ్రీల దాకా ఉండవచ్చు. గది సగటు వేడి తక్కువగా ఉన్నంత మాత్రాన స్తంభం అడుగుభాగానికి తగిలే వేడి తక్కువ కాదు.

మంట రూపం

స్తంభానికి చేరే వేడిని తెలుసుకోవాలంటే ముందు మంటను తెలుసుకోవాలి. అందుకు రెండు కొలతలు కావాలి: మంట అడుగు వ్యాసం, సెకనుకు అది విడుదల చేసే ఉష్ణం. రెండోదాన్ని మెగావాట్లలో చెబుతారు. ఫోమ్ నింపిన మూడు సీట్ల సోఫా ఒక్కటే ఉద్ధృత దశలో రెండు మూడు మెగావాట్లు విడుదల చేయగలదు. ఐరోపాలో పార్కింగ్ భవనాల లెక్కలకు మామూలు కారుకు గరిష్ఠంగా 8.3 మెగావాట్లు, సరకు వ్యానుకు 18 మెగావాట్లు తీసుకోవడం ఆనవాయితీ.

మంట నిలువునా మూడు భాగాలుగా ఉంటుందని 1979లో పరిశోధకుడు మెక్‌కాఫ్రీ కొలతలు చూపించాయి. అడుగున ఎడతెగకుండా మండే భాగం, దాని పైన ఉండీ లేనట్టు ఊగిసలాడే నాలుకల భాగం, ఆపైన మంట లేని వేడి వాయువుల ధార. 1980ల్లో అమెరికా బీమా సంస్థ ఫ్యాక్టరీ మ్యూచువల్ పరిశోధకుడు గునార్ హెస్కెస్టాడ్ మంట పొడవుకు ఒక సులువైన సూత్రం ఇచ్చాడు. ఉష్ణ విడుదలను వాట్లలో తీసుకుని, దాని 2/5 ఘాతాన్ని 0.0148తో గుణించి, అందులోంచి వ్యాసానికి 1.02 రెట్లు తీసివేస్తే మంట పొడవు మీటర్లలో వస్తుంది. ఐరోపా నిర్మాణ ప్రమాణమైన యూరోకోడ్ 2002లో ఈ సూత్రాన్నే తీసుకుంది. వ్యాసం 10 మీటర్లు, ఉష్ణ విడుదల 50 మెగావాట్లు దాటకూడదని హద్దు కూడా పెట్టింది.

రెండు మీటర్ల వ్యాసంతో 3 మెగావాట్ల మంట ఎత్తైన హాలులో మండుతోందనుకుందాం. పై సూత్రం ప్రకారం దాని పొడవు దాదాపు 3.7 మీటర్లు. మంట నడిబొడ్డున ఉష్ణోగ్రత రెండు మీటర్ల ఎత్తు దాకా 900 డిగ్రీలు ఉంటుంది. యూరోకోడ్ లెక్కలో అదే పైహద్దు. మూడు మీటర్ల దగ్గర అది సుమారు 740, మంట కొన దగ్గర 520. ఎనిమిది మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి 160 మాత్రమే. పన్నెండు మీటర్ల స్తంభం ఈ మంట మధ్యలో ఉంటే కింది పావు భాగం ఎర్రగా కాలుతుంది, పై సగం దాని పని అది చేసుకుపోగలిగేంత చల్లగా ఉంటుంది. స్తంభమంతటికీ ఒకే ఉష్ణోగ్రత కట్టబెట్టే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇదే లెక్కను కారుకు వేస్తే చిత్రం మారిపోతుంది. కారు మంటను 3.9 మీటర్ల వ్యాసంగా తీసుకుంటే 8.3 మెగావాట్లకు మంట పొడవు దాదాపు 4.7 మీటర్లు వస్తుంది. పార్కింగ్ అంతస్తు ఎత్తు సాధారణంగా మూడు మీటర్లకు మించదు. మంట కప్పును తాకి, కప్పు కింద నలువైపులా పాకుతుంది. స్తంభం తల, దూలం కలిసే అతుకు అప్పుడు తీవ్రమైన వేడికి గురవుతాయి. ఈ స్థితికి జపాన్‌కు చెందిన యూజి హసేమి బృందం ప్రయోగాలతో కట్టిన పద్ధతి వాడుకలో ఉంది. మంట నడిబొడ్డుకు సూటిగా పైన ఉన్న చోట ఆ పద్ధతి చదరపు మీటరుకు గరిష్ఠంగా 100 కిలోవాట్లు చూపుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ విలువ వేగంగా పడిపోతుంది.

మంట గోడను ఆనుకునో, మూలలోనో ఉంటే గాలి అన్ని వైపుల నుంచీ అందదు. ఇంధన ఆవిరి గాలి కోసం ఇంకా పైకి పోవాల్సి వస్తుంది, మంట పొడవు పెరుగుతుంది. తెరిచి ఉన్న భవనాల్లో గాలి వీస్తే మంట ఒరిగి, దూరమనుకున్న స్తంభాన్ని నాకుతుంది. లెక్కకు లొంగని ఈ సంగతులను డిజైనరు గుర్తుంచుకోవాలి.

సెగ ఎలా చేరుతుంది

మంటలో మునిగిన స్తంభానికి వేడి రెండు దారుల్లో అందుతుంది: వేడి వాయువులు ఒరుసుకుపోవడం వల్ల సంవహనం, మంట నుంచి నేరుగా వికిరణం. ఈ వేడిమిలో వికిరణానిదే పెద్దపాలు. అది పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి 600 డిగ్రీల ఆదర్శ వికిరణి చదరపు మీటరుకు 33 కిలోవాట్లు వెదజల్లితే, 900 డిగ్రీల దగ్గర అది 107 కిలోవాట్లు అవుతుంది.

మంటకు ఎడంగా ఉన్న స్తంభానికి అందేది దాదాపుగా వికిరణమే. అక్కడ దూరమే సర్వం. మంట ఉష్ణంలో సుమారు మూడో వంతు వికిరణంగా పోతుందనుకుని, మంటను ఒక బిందువుగా భావించే సరళమైన లెక్క ఉంది. మన 3 మెగావాట్ల మంటకు మూడు మీటర్ల దూరంలో చదరపు మీటరుకు ఎనిమిది తొమ్మిది కిలోవాట్లు, ఆరు మీటర్ల దూరంలో అందులో నాలుగో వంతు వస్తాయి. మంటకు బాగా దగ్గరగా ఈ లెక్క పనిచేయదు. అక్కడ మంట ఒక బిందువు కాదు, స్తంభం ముందు నిలిచిన ఒక గోడ.

భోగి మంట ముందు నిలబడ్డవాడి ముఖం కాలుతుంటే వీపు చల్లగా ఉన్నట్టే, స్తంభానికి కూడా మంట వైపు ముఖానికే సెగ తగులుతుంది. ఐ ఆకారపు (ఐ-సెక్షన్) స్తంభంలో మంటకు ఎదురుగా ఉన్న ఫ్లాంజ్ (అంచు పలక) కాగుతుంది, దాని చాటున ఉన్న వెబ్ (నడిమి పలక), అవతలి ఫ్లాంజ్ వెనుకబడతాయి. ఈ చాటును లెక్కలోకి తేవడానికే యూరోకోడ్‌లో నీడ గుణకం అనే సవరణ ఉంది.

ఏ ఇంధనం మండుతోందన్నది కూడా ముఖ్యమే. మిథనాల్ మంట దాదాపు కంటికి కనిపించదు, దాని వికిరణం స్వల్పం. డీజిల్ మంట మసితో పచ్చగా వెలుగుతూ సెగ బాగా చిమ్ముతుంది. మడుగు మరీ పెద్దదైతే ఆ మసే నల్లటి పొగగా మంటను చుట్టేసి వికిరణాన్ని కొంత అడ్డుకుంటుంది.

ఉక్కు స్పందన

వేడి అందడం ఒక ఎత్తు, ఉక్కు దాన్ని ఇముడ్చుకోవడం మరో ఎత్తు. పొడవులో ప్రతి మీటరుకూ వేడి తగిలే ఉపరితలాన్ని ఆ మీటరులోని ఉక్కు ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది సెక్షన్ ఫ్యాక్టర్. పలుచని సెక్షన్లకు అది ఎక్కువ, బరువైన వాటికి తక్కువ. సెక్షన్ ఫ్యాక్టర్ మీటరుకు 100 ఉన్న స్తంభానికి చదరపు మీటరుకు 50 కిలోవాట్లు నికరంగా అందుతుంటే ఉక్కు నిమిషానికి దాదాపు 64 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. ఫ్యాక్టర్ 200 అయితే వేగం రెట్టింపు. రక్షణ పూత లేని ఉక్కు మంటలో పావుగంట నిలవడం కష్టమని చెప్పేది ఈ లెక్కే.

ఉక్కు మంచి ఉష్ణ వాహకమనీ, అడుగున తగిలిన వేడి స్తంభమంతా పాకి పలుచబడుతుందనీ ఒక నమ్మకం ఉంది. అడ్డంగా, కొద్ది మిల్లీమీటర్ల మందంలో అది నిజం. నిలువునా నిజం కాదు. ఉక్కులో ఉష్ణం వ్యాపించే వేగాన్ని బట్టి చూస్తే అరగంటలో వేడి చెప్పుకోదగినంతగా పాకేది పదీ ఇరవై సెంటీమీటర్ల మేర మాత్రమే. కాలిన చోటే కాలిపోతుంది, పొరుగు సహాయానికి రాదు.

ఉక్కు దాదాపు 1500 డిగ్రీల దగ్గర గానీ కరగదు. భవన మంటల్లో స్తంభాలు కూలేది కరిగి కాదు, మెత్తబడి. యూరోకోడ్ లెక్కల ప్రకారం నిర్మాణ ఉక్కు 400 డిగ్రీల వరకూ తన పూర్తి బలాన్ని చూపగలదు. 500 దగ్గర 78 శాతం, 600 దగ్గర 47 శాతం, 700 దగ్గర 23 శాతం మిగులుతుంది. బిగువు ఇంకా ముందే సడలుతుంది: స్థితిస్థాపక గుణకం 500 దగ్గర 60 శాతానికి, 600 దగ్గర 31 శాతానికి దిగిపోతుంది. పొట్టి, బరువైన స్తంభం బలం తగ్గిన చోట నలిగి కూలుతుంది. సన్నని పొడవాటి స్తంభానికి బిగువే ప్రాణం కాబట్టి అది పక్కకు వంగి బక్లింగ్‌తో కూలుతుంది. రెండు చివరలూ కీలు మీద ఉన్న సన్నని స్తంభానికి నడుము దగ్గర తగిలిన వేడి పాదం దగ్గర తగిలినదాని కంటే ఎక్కువ చేటు చేస్తుంది.

ఒకవైపే కాలడం వల్ల వచ్చే వంపు సంగతి కూడా చూడాలి. వేడి ముఖం సాగుతుంది, చల్లని ముఖం సాగదు, స్తంభం మంట వైపు విల్లులా వంగుతుంది. రెండు ఫ్లాంజ్‌ల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు, ఉష్ణోగ్రత తేడా 300 డిగ్రీలు ఉన్న నాలుగు మీటర్ల స్తంభం నడుము దాదాపు 28 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. నిట్టనిలువుగా దిగాల్సిన బరువు ఇప్పుడు పక్కకు తప్పి దిగుతుంది. ఆ తప్పు స్తంభంపై వంచే బలంగా మారుతుంది. స్తంభం పొడుగయ్యే ప్రయత్నాన్ని పై అంతస్తులు అడ్డుకుంటే అదనపు ఒత్తిడి పడుతుంది. సగటు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి స్తంభం భద్రమని తేల్చడం ఎందుకు ప్రమాదమో ఈ రెండూ చెబుతాయి.

మంటలు చెప్పిన సాక్ష్యం

1990 జూన్ 23న లండన్‌లోని బ్రాడ్‌గేట్ ప్రాంతంలో నిర్మాణంలో ఉన్న 14 అంతస్తుల ఉక్కు భవనంలో మంట లేచింది. మొదటి అంతస్తులో గుత్తేదారులు వేసుకున్న పెద్ద గుడిసె కాలింది. మంట నాలుగున్నర గంటలు సాగింది. అప్పటికి ఉక్కు భాగాల రక్షణ పని పూర్తికాలేదు. కొన్ని స్తంభాలు దాదాపు 100 మిల్లీమీటర్లు కుంగిపోయాయి. అయినా భవనం నిలిచింది, వాటి బరువును చుట్టుపక్కల నిర్మాణం అందుకుంది. ఉక్కు ఉష్ణోగ్రత 600 డిగ్రీలు దాటలేదని తరువాతి పరిశీలనలు తేల్చాయి. భవనాన్ని విడివిడి భాగాలుగా కాక ఒక్క చట్రంగా చూడాలన్న ఆలోచనకు బ్రిటన్‌లో ఈ మంట బలమైన ఊతం ఇచ్చింది.

ఆ ఆలోచనను పరీక్షించడానికే 1995–96లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని కార్డింగ్టన్‌లో, ఒకప్పుడు గాలి నౌకలు నిలిపిన భారీ షెడ్డులో, ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనం కట్టి మరీ కాల్చారు. ఈ ప్రయోగాల్లో స్తంభాల గురించి చెప్పే ఫలితం ఒకటుంది, దానికి దక్కాల్సినంత ప్రచారం దక్కలేదు. ఒక పరీక్షలో స్తంభాలకు రక్షణ కవచం తొడిగారు గానీ, దూలాలు కలిసే తల భాగాన్ని కొద్ది మేర వదిలేశారు. ఆ కాస్త భాగం 670 డిగ్రీల దాకా కాగింది. అంతే, లోపలి స్తంభాలు ఆ చోట దాదాపు 180 మిల్లీమీటర్లు నలిగి, పై అంతస్తులన్నీ ఆ మేరకు కిందికి దిగాయి. మిగతా స్తంభానికంతటికీ రక్షణ ఉండి కూడా ప్రయోజనం లేకపోయింది. ఆ తరువాతి పరీక్షల్లో స్తంభాలను నిలువెల్లా కప్పారు.

పార్కింగ్ భవనాల అనుభవం ఇటీవలిది. ఒక కారు మండితే పక్క కారు అంటుకోవడానికి పన్నెండు నిమిషాలు పడుతుందన్నది ఐరోపా లెక్కల్లో వాడే అంచనా. ఒకటి ఆరుతుండగా మరొకటి మండుతుంది కాబట్టి ఏ స్తంభం దగ్గరైనా మంట స్థానికమేనన్నది వాటి ఆధారం. అయితే 2020 జనవరి 7న నార్వేలోని స్టావాంగర్ విమానాశ్రయ పార్కింగ్ భవనం, 2023 అక్టోబరు 10న ఇంగ్లండ్‌లోని లూటన్ విమానాశ్రయ పార్కింగ్ భవనం మంటల్లో పాక్షికంగా కూలిపోయాయి. లూటన్‌లో వెయ్యికి పైగా కార్లు నాశనమయ్యాయి. రెండు చోట్లా మంట ఒక్క కారుతోనే మొదలైంది. పాత ప్రయోగాల కాలం కంటే నేటి కార్లు పెద్దవి, ప్లాస్టిక్ ఎక్కువ, వాటి మధ్య ఎడం తక్కువ. ఒకటి రెండు కార్ల మంటకే లెక్క కట్టి రక్షణ లేకుండా వదిలే పద్ధతిని తిరిగి చూడాల్సిన అవసరం ఈ ఘటనల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో కూలిన ఏడో నంబరు వరల్డ్ ట్రేడ్ సెంటర్ భవనం వేరే తరహా ఉదాహరణ. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2008 నివేదిక ప్రకారం అక్కడ స్తంభాలు 300 డిగ్రీలు దాటి వేడెక్కలేదు. వేడికి సాగిన దూలాలు తమ ఆనికల నుంచి జారి అంతస్తులు వరుసగా పడిపోవడంతో, 79వ నంబరు స్తంభం పక్క ఆసరా కోల్పోయి వంగింది. స్తంభం కాలకపోయినా మంట దాన్ని కూల్చగలదు.

లెక్క పద్ధతులు

చాలాకాలం వరకు స్థానిక మంటకు ఉన్న సూత్రాలన్నీ కప్పుకు, దూలాలకు ఉద్దేశించినవే. మంట పక్కన నిలువుగా నిలబడ్డ స్తంభానికి అందే వేడికి ప్రమాణంలో సరళ మార్గం లేదు. జపాన్‌లో కామికావా, హసేమి తదితరులు చతురస్ర ఉక్కు స్తంభాల పక్కన మంట పెట్టి కొలిచిన ఫలితాలు 2000ల్లో వెలువడ్డాయి. ఐరోపాలో ఈ లోటును తీర్చడానికే లోకాఫీ అనే ప్రాజెక్టు నడిచింది. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయంలో మంటలో మునిగిన స్తంభాల మీద, ఉత్తర ఐర్లండ్‌లోని అల్‌స్టర్ విశ్వవిద్యాలయంలో మంటకు ఎడంగా ఉన్న స్తంభాల మీద పరీక్షలు జరిగాయి.

లోకాఫీ నమూనాలో మంటను ఒక ఘనాకారంగా భావిస్తారు. అది శంకువు కావచ్చు, స్తూపం కావచ్చు. ఒక్కో ఎత్తున దాని ఉపరితల ఉష్ణోగ్రతను హెస్కెస్టాడ్ ఉష్ణోగ్రత సూత్రం నుంచి తీసుకుంటారు. స్తంభం చుట్టూ ఒక ఊహా పెట్టె గీసి, దాని నాలుగు ముఖాల్లో ఒక్కోదానికీ మంటలో ఎంత భాగం కనిపిస్తుందో లెక్కించి, అందే వికిరణాన్ని కూడతారు. పెద్ద కంప్యూటర్ అవసరం లేని ఈ లెక్కలో మంట ఎక్కడుంది, స్తంభం ఎటు తిరిగి ఉంది అన్నవి రెండూ లెక్కకు వస్తాయి. అందుకే ఇది మేలైనది. పైన పేరుకున్న పొగ వేడికి లీజ్‌లోనే తయారైన ఓజోన్ ప్రోగ్రామును, నిర్మాణ స్పందనకు అక్కడి సాఫిర్ ప్రోగ్రామును జతచేస్తారు. ఇంకా సూక్ష్మంగా చూడాలంటే నిస్ట్ 2000లో విడుదల చేసిన ఎఫ్‌డీఎస్ అనే మంటల అనుకరణ ప్రోగ్రాము ఉంది. విశాలమైన కార్యాలయాల్లో మంట ఒకచోట నిలవక అంతస్తంతా నడుస్తూ పోతుందని గీయెర్మో రేన్, జేమీ స్టెర్న్-గాట్‌ఫ్రీడ్ ప్రతిపాదించిన సంచార మంటల పద్ధతి ఈ లెక్కలకు తరువాతి మెట్టు.

రక్షణ

వెర్మిక్యులైట్ పూత, జిప్సం బోర్డుల పెట్టె, కాంక్రీటు తొడుగు, వేడికి ఉబ్బి నురగలా మారే ఇంట్యూమిసెంట్ పెయింటు వాడుకలో ఉన్న మార్గాలు. ఉబ్బే పెయింట్లను ఎక్కువగా ప్రామాణిక కొలిమిలోనే పరీక్షిస్తారు. ఎడంగా ఉన్న మంట నెమ్మదిగా కాచినప్పుడు అవి అంతే బాగా ఉబ్బుతాయని ముందే నమ్మకూడదు. పిట్స్‌బర్గ్‌లోని 64 అంతస్తుల యూఎస్ స్టీల్ టవర్, పారిస్‌లోని పాంపిడూ సెంటర్ బోలు స్తంభాల్లో నీళ్లు నింపి వేడిని లాగేసే దారి ఎంచుకున్నాయి. గోడకు బయట నిలబెట్టిన స్తంభాలకు కిటికీల్లోంచి తన్నుకొచ్చే మంటే స్థానిక మంట. వాటిని ఎంత ఎడంగా పెడితే పూత లేకుండా వదలవచ్చో బ్రిటిష్ ఇంజనీరు మార్గరెట్ లా 1981 నాటికే పద్ధతిగా రాసిపెట్టింది.

భారతదేశంలో

మన దేశంలో ఉక్కు నిర్మాణ ప్రమాణం ఐఎస్ 800: 2007లో 16వ విభాగం అగ్ని నిరోధకత గురించి చెబుతుంది. స్తంభం మీది బరువును అది మామూలు వేళ మోయగల బరువుతో భాగించి, వచ్చిన నిష్పత్తిని 690తో గుణించి 905లోంచి తీసివేస్తే కూలిపోయే ఉష్ణోగ్రత వస్తుంది. సగం సామర్థ్యం వాడుతున్న స్తంభానికి అది 560 డిగ్రీలు, ముప్పావు వంతు దాకా వాడుతున్నదానికి 390 దగ్గర. ఈ విభాగం ప్రామాణిక పరీక్ష చుట్టూ అల్లుకున్నది, స్థానిక మంటకు అందులో లెక్క లేదు. విమానాశ్రయాలు, మెట్రో స్టేషన్లు, హైదరాబాద్ ఐటీ భవనాల్లోని ఎత్తైన ఏట్రియాలు వంటి చోట్ల స్తంభాలను నిజమైన మంటకు పరీక్షించాలంటే డిజైనరు యూరోకోడ్ పద్ధతులనే ఆశ్రయించాల్సి ఉంటుంది.

చమురు శుద్ధి కర్మాగారాలు దీనికి మినహాయింపు. విశాఖపట్నంలో ఉన్నలాంటి రిఫైనరీల్లో పైపుల వరుసలను మోసే ఉక్కు స్తంభాలకు ఒలికిన ఇంధనం మంటే ప్రధాన శత్రువు. అలాంటి మంటలకు అంతర్జాతీయంగా వాడే యూఎల్ 1709 పరీక్షలో కొలిమి అయిదు నిమిషాల్లోనే 1093 డిగ్రీలకు చేరాలి, చదరపు మీటరుకు దాదాపు 204 కిలోవాట్ల వేడి తగలాలి. ఈ రంగంలో స్తంభాల పాదాలకు కాంక్రీటు తొడుగు వేసేటప్పుడు గది మంట రేఖను కాక ఈ వేగాన్నే కొలబద్దగా తీసుకుంటారు.